పాత ఉక్కు షెడ్డుకు రెండో జీవితం: ముందు కాళ్లు, కీళ్లు చూడండి

పాత ఉక్కు కట్టడం చేతికొచ్చినవారు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "ఉంచాలా, కూల్చాలా?" తుప్పు చారలు, చిల్లులు పడ్డ రేకులు, వేలాడే గట్టర్లు చూసి అప్పటికే మనసులో సగం కూల్చేసి వస్తారు. కట్టడాల బలం లెక్కగట్టడమే నా వృత్తి. వారికి నేను చెప్పే జవాబు ఏళ్లుగా మారలేదు. ఉక్కు చట్రంలో నడిమి భాగం చెడిపోవడం అరుదు. చెడిపోయేవి కాళ్లు, కీళ్లు. స్తంభం నేలను తాకే చోటు, దూలం స్తంభాన్ని కలిసే చోటు, రెండు ప్లేట్లు ఒకదానినొకటి అంటుకుని కూర్చున్న చోటు. వీటిని చూడకముందే ఉంచుదామన్నా, కూల్చుదామన్నా అది గుడ్డి నిర్ణయమే.

చూసే శ్రమకు ఫలితం చిన్నదేమీ కాదు. ఒక టన్ను కొత్త ఉక్కు తయారయ్యేసరికి ప్రపంచ సగటున రెండు టన్నులకు కాస్త తక్కువగా కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. తుక్కుగా కరిగించి మళ్లీ పోస్తే ఆ భారం తగ్గుతుంది గానీ కొలిమి, కరెంటు, రవాణా తప్పవు. దూలాన్ని దూలంగానే వాడుకుంటే కొలిమితోనే పనిలేదు. పారిస్‌లో 1900లో రైల్వే స్టేషనుగా తెరిచిన ఓర్సే కట్టడం 1986 నుంచి మ్యూజియంగా నడుస్తోంది. లండన్‌లోని బ్యాంక్‌సైడ్ విద్యుత్ కేంద్రం 2000లో టేట్ మోడర్న్‌గా తెరుచుకుంది. బయటికి కనిపించేవి రాతి, ఇటుక గోడలే అయినా లోపల నిలబెట్టింది ఉక్కు చట్రం. వాటికి పనికొచ్చిన పద్ధతే ఒక మామూలు గోదాముకూ, మూతపడ్డ వర్క్‌షాపుకూ పనికొస్తుంది.

ముందు లోహం ఏదో తేల్చుకోండి

నల్లగా, గట్టిగా ఉన్న ప్రతిదీ ఉక్కు కాదు. పంతొమ్మిదో శతాబ్దపు కట్టడాల్లో పోత ఇనుప స్తంభాలు, సాగగొట్టిన ఇనుప దూలాలు పక్కపక్కనే ఉంటాయి. ఈఫిల్ టవర్ 1889లో సాగగొట్టిన ఇనుముతో పూర్తయింది. మరుసటి ఏడాదే స్కాట్లండ్‌లో ఫోర్త్ రైల్వే వంతెన ఉక్కుతో పూర్తయింది. ఆ కాలం నాటి కట్టడమైతే పేరు చూసి నమ్మకుండా లోహాన్నే పరీక్షించాలి.

పోత ఇనుము గరుకుగా ఉంటుంది, ఇసుక అచ్చు జాడలు కనిపిస్తాయి. స్తంభాలు ఎక్కువగా బోలుగా, గుండ్రంగా, తలపైన అలంకారంతో ఉంటాయి. నొక్కుడుకు ఎంతైనా ఓర్చుకుంటుంది గానీ లాగుడుకు, దెబ్బకు హెచ్చరిక లేకుండా పగులుతుంది. దానికి వెల్డింగు చేయాలన్న ఆలోచనే పెట్టుకోకండి. సాగగొట్టిన ఇనుము లోపల చిట్టెం (లోహపు మడ్డి) సన్నటి పోగులుగా సాగి ఉంటుంది. పోగుల వెంట లాగితే బలంగా ఉంటుంది, మందం దిశలో లాగితే పొరలుగా విడిపోతుంది. దాని పైముఖానికి ఒక కొక్కెం వెల్డింగు చేసి బరువు వేలాడదీస్తే కొక్కెంతో పాటు పై పొర కూడా ఊడి రావచ్చు.

ఉక్కే అని తేలితే తర్వాత కావలసింది దాని వయసు. అమెరికాలో చాలాకాలం వాడిన ఏ7 అనే ఉక్కు రకానికి కనీస ఈల్డ్ బలం, అంటే ఉక్కు శాశ్వతంగా సాగడం మొదలయ్యే ఒత్తిడి, సుమారు 230 మెగాపాస్కల్. 1960లో వచ్చిన ఏ36కు అది 250. ఈ తేడా చిన్నదే. అసలు తేడా రసాయనంలో ఉంది. పాత ఉక్కులో గంధకం, భాస్వరం ఎక్కువగా ఉండే అవకాశముంది, కర్బనం ఒక్కో ముక్కలో ఒక్కోలా ఉండవచ్చు. ఈ మూడూ వెల్డింగుకు శత్రువులే. అందుకే వెబ్, అంటే దూలపు నడిమి నిలువు పలక మీద, రంగు గీకి చూడండి. పాత దూలాల మీద రోలింగ్ మిల్లు పేరు ఉబ్బెత్తు అక్షరాల్లో కనిపించడం కద్దు. ఆ పేరు దొరికితే కాలం, సైజు పట్టికలు వెతుక్కునే దారి దొరికినట్లే.

అయినా ముక్క కోసి ప్రయోగశాలకు పంపక తప్పదు. ఎక్కడ కోయాలో తెలిసి కోయాలి. రెండు చివర్లా ఊరికే ఆనించిన దూలానికి వంపు ఒత్తిడి నడుమన ఎక్కువ, చివర్లలో దాదాపు సున్నా. కాబట్టి చివరి దగ్గర ఫ్లాంజ్ (దూలపు పై లేదా అడుగు అడ్డ పలక) అంచు నుంచి తీసుకోండి. కోసిన మూలను గుండ్రంగా అరగదీసి నున్న చేయండి. పదునైన మూల వదిలేస్తే పగులు అక్కడే పుడుతుంది. ఒకే కాలంలో, ఒకే సైజులో వచ్చిన ముక్కలను ఒక జట్టుగా విడదీసి ప్రతి జట్టు నుంచీ నమూనా తీయాలి. మొత్తానికీ ఒకే నమూనాతో సరిపెట్టుకోకూడదు. బలం పరీక్షతో పాటు రసాయన విశ్లేషణ కూడా అడగండి. కర్బనానికి మాంగనీస్‌లో ఆరో వంతు, క్రోమియం, మాలిబ్డినం, వెనేడియంల మొత్తంలో అయిదో వంతు, నికెల్, రాగి మొత్తంలో పదిహేనో వంతు కలిపితే వచ్చేది కర్బన తుల్యత. అది 0.4 శాతం లోపు ఉంటే మామూలు జాగ్రత్తలతో వెల్డింగు నడుస్తుంది. దాటేకొద్దీ ముందుగా వేడిచేయడం, తక్కువ హైడ్రోజన్ ఎలక్ట్రోడులు (వెల్డింగు కడ్డీలు) అవసరమవుతాయి. మరీ ఎక్కువైతే నేను బోల్టులవైపే మొగ్గుతాను.

కట్టడం బరువును ఎలా దించుకుంటోందో చదవండి

పాత నక్షాలు దొరికితే అదృష్టం. దొరికినా వాటిని నమ్మి పని మొదలుపెట్టకండి. కట్టినవారు ఒకలా కడతారు, వాడినవారు మరోలా మారుస్తారు. సుత్తి, ఉలి, టార్చిలైటు, సుద్దముక్క, కొలత టేపు, దారానికి కట్టిన తూకపు గుండు, అల్ట్రాసోనిక్ మందం మీటరు తీసుకుని లోపల అడుగుపెట్టండి. పైకప్పు రేకు మీద పడ్డ బరువు పర్లిన్‌కు (రేకును మోసే అడ్డ కమ్మీకి), అక్కడి నుంచి ట్రస్సుకో (త్రికోణాల చట్రానికో) రాఫ్టరుకో (కప్పు వాలు దూలానికో), స్తంభానికి, పునాదికి ఎలా దిగుతోందో వేలితో చూపిస్తూ నడవాలి. తర్వాత గాలి తోపును అలాగే చదవాలి. చాలామంది మర్చిపోయేది ఈ రెండోదే.

గోడల్లోనూ, కప్పు కిందా ఏటవాలుగా వేసే బ్రేసింగు రాడ్లు ఉంటాయి. లారీ లోపలికి రావాలని, యంత్రానికి అడ్డమని ఎవరో ఎప్పుడో వాటిని కోసేసి ఉంటారు. బరువు మోయడంలో వాటికి పాత్ర లేదు కనుక కోసిన రోజు ఏమీ జరగదు. పెద్ద గాలి వచ్చిన రోజున తెలుస్తుంది. ఖాళీ రంధ్రాలతో మిగిలిన గస్సెట్ ప్లేటు (రాడ్డు చివరను బిగించే పలక), గ్యాస్‌తో కోసిన మొండి చివర కనిపిస్తే సుద్దతో పెద్ద గుర్తు పెట్టండి. గాలి గొట్టాల కోసం దూలపు వెబ్‌లో కోసిన కిటికీలూ అంతే. అవి ఆధారాలకు దగ్గరగా ఉంటే మరీ ప్రమాదం, దూలాన్ని నిలువుగా తెగ్గొట్టాలని చూసే కోత బలం అక్కడే ఎక్కువ.

కాళ్లు

స్తంభం అడుగు చూడటానికి ఒక పూట కేటాయించండి. మీ సమయంలో సింహభాగం ఇక్కడే ఖర్చవాలి.

కాలక్రమంలో నేల ఎత్తు పెరుగుతుంది. కొత్త గచ్చు పోస్తారు, బయట మట్టి చేరుతుంది. మొదట్లో గాలికి కనిపించేలా ఉన్న బేస్ ప్లేటు (స్తంభం అడుగు పలక) గచ్చు కింద పూడిపోతుంది. నేల కడిగిన నీరు ఉక్కుకూ గచ్చుకూ మధ్య సన్నటి సందులో దిగి అక్కడే నిలుస్తుంది. పైనుంచి చూస్తే స్తంభం రంగు చెక్కు చెదరకుండా నిగనిగలాడుతూ ఉంటుంది. గచ్చు అంచున ఉలి పెట్టి ఒక జానెడు పగలగొట్టండి. గోధుమ రంగు పెచ్చులు పొరలు పొరలుగా లేచి వస్తాయి. సుత్తితో తడుతూ పైకి పోతే చప్పుడే చెబుతుంది: గట్టి ఉక్కు ఖంగుమంటుంది, పెచ్చు కట్టిన చోట మందంగా, చచ్చుగా పలుకుతుంది. ఖంగుమనే చోటు వరకూ పెచ్చు రాల్చి, మెరిసే లోహం కనిపించేదాకా గ్రైండరుతో శుభ్రం చేసి, అప్పుడు మందం కొలవండి.

రాలిన పెచ్చు మందం చూసి బెంబేలెత్తకండి. తుప్పు తాను తిన్న ఉక్కు కంటే ఎన్నో రెట్ల చోటు ఆక్రమిస్తుంది. అయిదారు మిల్లీమీటర్ల పెచ్చు ఊడినా పోయిన లోహం ఒక మిల్లీమీటరే కావచ్చు. లెక్కకు కావలసింది ఎంత పోయింది అన్నది కాదు, ఎంత మిగిలింది అన్నది. పది మిల్లీమీటర్ల ఫ్లాంజ్‌లో ఒక మిల్లీమీటరు పోతే పదో వంతు నష్టం, తరచుగా భరించవచ్చు. చల్లగానే మడిచి చేసిన రెండు మిల్లీమీటర్ల పర్లిన్‌లో అదే ఒక మిల్లీమీటరు పోతే సగం పోయినట్లే, మార్చేయాలి. ఒక్కచోట కొలిచి ఊరుకోకుండా నాలుగు ముఖాలా, అడుగు నుంచి మోకాలి ఎత్తు వరకూ కొలిచి పట్టిక రాయండి. స్తంభాన్ని పునాదికి పట్టి ఉంచే యాంకర్ బోల్టులనూ గచ్చు తవ్వి చూడండి. నట్టు కింద మెడ సన్నబడిన బోల్టు పైకి బాగానే కనిపిస్తుంది.

చికిత్స కష్టమేమీ కాదు. చట్రానికి ముందు తాత్కాలిక ఆసరా ఇచ్చి, దెబ్బతిన్న భాగం పైకీ కిందికీ సరిపడా పట్టుతో ప్లేట్లు అతికించవచ్చు. మరీ పోయి ఉంటే కాలు కోసి కొత్త ముక్క అతకవచ్చు. అతికిన తర్వాత బేస్ ప్లేటును గచ్చు మట్టం కంటే పైకి తీసుకురండి, చుట్టూ నీరు జారిపోయే వాలు ఇవ్వండి. ఈ చివరి పని చేయకపోతే ముందు చేసిందంతా కొన్నేళ్లలో వృథా.

కీళ్లు

రివెట్టు (రెండు వైపులా తల కొట్టిన మేకు) వేసిన కట్టడమైతే ప్రతి రివెట్టు తలనూ సుత్తితో తట్టాలి. ఒక పక్క వేలు ఆనించి రెండో పక్క కొడితే వదులు రివెట్టు వేలికి తెలుస్తుంది. తల చుట్టూ తుప్పు వలయంలా కారి ఉంటే అదీ వదులు గుర్తే. మార్చాలంటే ఒక్కొక్కటిగా మార్చండి: తల గ్రైండరుతో అరగదీసి, కాండాన్ని పంచితో దించి, రంధ్రాన్ని రీమరుతో సరిచేసి, అధిక బలం బోల్టు బిగించి, ఆ తర్వాతే పక్కదానికి పోవాలి. గ్యాస్ మంటతో రివెట్లు ఊడగొట్టే పనివారిని నేను పనిలో ఉండనివ్వను. మంట రివెట్టుతో పాటు చుట్టూ ఉన్న ప్లేటునూ పాడుచేస్తుంది.

రెండు ప్లేట్ల మధ్య చేరిన తుప్పు ఇంకో రకం శత్రువు. ఉబ్బుతూ ఉబ్బుతూ ప్లేట్లను అలల్లా వంచుతుంది, ఒక్కోసారి రివెట్టు తలనే తెంపుతుంది. సందు తెరిచి శుభ్రం చేయగలిగితే చేయండి. వీలు కాకపోతే పెచ్చు రాల్చి, సందులోకి చొచ్చుకుపోయే సీలరు పట్టించి, అంచులు మూసేయండి. నీరు లోపలికి పోకపోతే ఆ రోగం ఆగుతుంది.

క్రేను నడిచిన షెడ్డులో క్రేన్ గర్డర్లకు వేరే పరీక్ష ఉంది. లక్షల సార్లు చక్రం దొర్లిన చోట లోహం అలసి పగులుతుంది. వెల్డింగు అంచులు, స్టిఫెనర్ (వెబ్‌కు ఆసరాగా అతికే పలక) చివరలు, ఆధారాల దగ్గరి మూలలు శుభ్రం చేసి రంగు ద్రవం పరీక్ష గానీ, అయస్కాంత పొడి పరీక్ష గానీ చేయించండి. వెంట్రుక సన్నటి గీత కూడా పగులే. ఇలా అలసిన గర్డర్లను మళ్లీ కదిలే భారాలకు వాడకపోవడమే మేలు. వాటిని మోసిన స్తంభాలు మాత్రం ఒక వరం. క్రేను భారం కోసం కట్టినవి కనుక, క్రేను తీసేశాక వాటిలో మిగులు బలం దండిగా ఉంటుంది.

కొత్త వాడుకకు లెక్క

పాత షెడ్డు ఇప్పటిదాకా నిలబడింది అన్నది పాత భారానికి మాత్రమే సాక్ష్యం. కప్పు మీద సౌర ఫలకాలు పెడితే చట్రంతో కలిపి చదరపు మీటరుకు సుమారు 15 కిలోలు చేరతాయి. కింద ఫాల్స్ సీలింగు, ఏసీ గొట్టాలు, స్ప్రింక్లరు పైపులు మరికొంత చేరుస్తాయి. వంద చదరపు మీటర్లకు ఫలకాలే టన్నున్నర. తేలిక రేకు కోసమే పొదుపుగా కట్టిన కప్పుకు ఇది చిన్న మాట కాదు.

దీనికి వ్యతిరేకమైన ప్రమాదం ఇంకా తక్కువమందికి తడుతుంది. బరువైన పాత కప్పు తీసి తేలిక రేకులు వేస్తే భారం తగ్గిందని సంతోషిస్తారు. గాలి కప్పును పైకి లాగేటప్పుడు ఆ పాత బరువే పట్టి ఉంచేది. అది పోయాక రాఫ్టరు అడుగు ఫ్లాంజ్ లాగుడు బదులు నొక్కుడులోకి వస్తుంది, పక్కకు ఆసరా లేకపోతే వంకరపోతుంది. పర్లిన్ నుంచి అడుగు ఫ్లాంజ్‌కు చిన్న ఏటవాలు పట్టీలు వేయిస్తే సరిపోతుంది. ఖర్చు స్వల్పం, ప్రయోజనం అపారం. యాంకర్ బోల్టులనూ పైకి లాగే బలానికి మళ్లీ లెక్కచూడాలి.

లోపల అంతస్తు కావాలంటే దానికి సొంత స్తంభాలు, సొంత పునాదులు ఇవ్వమంటాను. పాత చట్రాన్ని దాని పని దాన్ని చేసుకోనివ్వండి.

బలం చాలని దూలానికి అడుగున ప్లేటు అతికించడం అందరికీ తెలిసిన వైద్యం. అందులో ఒక కిటుకు ఉంది. దూలం బరువు మోస్తుండగానే ప్లేటు అతికిస్తే పాత బరువంతా పాత ఉక్కులోనే ఉండిపోతుంది. కొత్త ప్లేటు తర్వాత వచ్చే భారంలోనే వాటా తీసుకుంటుంది. కాబట్టి ముందు జాకీలతో దూలాన్ని ఎత్తి పట్టి, భారం దించి, అప్పుడు అతికించండి. వెల్డింగు దూలం పొడవు వెంటే సాగాలి, లాగుడులో ఉన్న ఫ్లాంజ్‌కు అడ్డంగా వేయకూడదు. వేడెక్కిన ఉక్కు ఆ క్షణంలో మెత్తబడి ఉంటుంది. అందుకే చిన్న చిన్న ముక్కలుగా, చోటు మారుస్తూ వేయించండి. రివెట్లున్న కీలుకు వెల్డింగు చేర్చితే రెండూ కలిసి పంచుకుంటాయని అనుకోవద్దు. కొత్తగా వచ్చే భారమంతా వెల్డింగే మోసేలా లెక్కించండి.

అగ్నిప్రమాదం చూసిన కట్టడాన్నీ తొందరపడి వదులుకోవద్దు. సుమారు 550 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉక్కుకు మిగిలే బలం అరవై శాతం మాత్రమే, కానీ మామూలు రోలింగ్ ఉక్కు చల్లారాక బలాన్ని దాదాపుగా తిరిగి పొందుతుంది. మంటలోంచి తిన్నగా బయటపడ్డ దూలం సాధారణంగా వాడుకోదగినదే. అధిక బలం బోల్టులు అలా కాదు, వాటిని మార్చేయాలి. జింకు పూత ఉన్న చోట అది కరిగి కారిందా చూడండి. జింకు కరిగేది 419 డిగ్రీల దగ్గర, మంట ఎంత వేడెక్కిందో చెప్పే ఆనవాలు అది.

గీకడం, రంగు వేయడం

ఒక్క గీత గీకే ముందు పాత రంగును పరీక్షకు పంపండి. నారింజ ఎరుపు ప్రైమరు కనిపిస్తే అది సీసం సింధూరం కావచ్చు. దాన్ని పొడిగా గ్రైండరు పట్టినా, మంటతో కాల్చినా సీసం ఊపిరిలోకి పోతుంది. తడిపి గీకడం, సరైన ఫిల్టరున్న మాస్కు, రాలిన పొట్టును మూటగట్టి ప్రమాదకర వ్యర్థంగా అప్పగించడం తప్పనిసరి. ఇంటికెళ్లే ముందు పనిబట్టలు మార్చుకోవాలి, లేకపోతే ఆ ధూళి పిల్లల దాకా చేరుతుంది. పాత సిమెంటు రేకుల్లోనూ, దూలాలకు చిమ్మిన మెత్తటి అగ్నిరక్షణ పూతలోనూ ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు. దాన్ని శిక్షణ పొందినవారే తీయాలి. ఈ రెండు విషయాల్లో నేను రాజీపడను.

రంగు ఎంత ఖరీదైనదన్నది రెండో మాట. అడుగు ఎంత శుభ్రమన్నదే దాని ఆయుష్షు. బ్లాస్టింగు (గరుకు రేణువులను వేగంగా చిమ్మి శుభ్రం చేయడం) చేయగలిగితే ఎస్ఏ 2½ అనే శుభ్రత స్థాయికి తెప్పించండి. అంటే ఉక్కు దాదాపు పూర్తిగా తెల్లబడి, లేత మచ్చలు మాత్రమే మిగలాలి. ఉక్కు ఉపరితలం మంచు బిందు ఉష్ణోగ్రత (గాలిలోని తేమ నీటిబొట్లుగా మారే ఉష్ణోగ్రత) కంటే కనీసం 3 డిగ్రీలు వెచ్చగా ఉన్నప్పుడే రంగు వేయాలి. లేకపోతే కంటికి కనిపించని తేమ మీద రంగు కూర్చుంటుంది. బ్లాస్టింగు అయిన పూటే ప్రైమరు పడాలి. అంచులు, బోల్టు తలలు, వెల్డింగు గీతల మీద రంగు పలచబడిపోతుంది, అందుకని వాటికి ముందుగా కుంచెతో ఒక పూత విడిగా వేసి, తర్వాత మొత్తానికీ వేయించండి. జింకు ప్రైమరు, మధ్యలో ఎపాక్సీ, పైన పాలీయురిథేన్ అన్నది నమ్మకమైన కూర్పు.

విప్పి మరోచోట నిలబెట్టాలంటే

చోటు మారాల్సి వచ్చినప్పుడు షెడ్డును మొత్తంగా విప్పి తీసుకుపోవచ్చు. బోల్టులతో కట్టిన కట్టడాలు ఇందుకు అనువైనవి. విప్పే ముందే ప్రతి ముక్కకూ సంఖ్య ఇవ్వండి. ఆ సంఖ్యను రంగుతో రాయకుండా ఉక్కు అచ్చుతో కొట్టించండి, బ్లాస్టింగులో రంగు పోతుంది, అచ్చు పోదు. అచ్చు ఎప్పుడూ ఒకే చివర, ఒకే ముఖం మీద ఉంటే నిలబెట్టేటప్పుడు తలకిందులు కావు. అదే సంఖ్యలతో ఒక నక్షా గీసి, కీళ్లను దగ్గరగా ఫొటోలు తీసి పెట్టుకోండి. కట్టిన వరుసకు తలకిందుల వరుసలో విప్పండి. బ్రేసింగు ఉన్న గదిని (రెండు స్తంభాల వరుసల మధ్య భాగాన్ని) చివరిదాకా ముట్టుకోవద్దు, మిగతా చట్రాన్ని పట్టి నిలిపేది అదే.

ఒకసారి పూర్తిగా బిగించిన అధిక బలం బోల్టులను మళ్లీ వాడకండి, కొత్తవి తెప్పించండి. రేకులు బాగున్నా పాత స్క్రూల రంధ్రాలు కప్పు మీద కారతాయి. వాటిని గోడలకు వాడుకుని కప్పుకు కొత్తవి వేయడం మంచి పద్ధతి. కొత్త స్థలంలో గాలి వేగం, భూకంప తీవ్రత పాత చోటి కంటే ఎక్కువగా ఉండవచ్చు కనుక లెక్క మళ్లీ మొదటి నుంచి వేయాలి. పునాది పోసేముందు ప్రతి బేస్ ప్లేటు రంధ్రాలనూ ప్లైవుడ్ పలక మీద అచ్చుగా దించుకోండి. పాత ప్లేట్లు నక్షాలో ఉన్నంత కచ్చితంగా ఉండవు. ఆ పలకలోనే యాంకర్ బోల్టులు గుచ్చి, పలకను మట్టం చూసి బిగించి కాంక్రీటు పోయండి. స్తంభం నిలబెట్టి, తూకపు గుండుతో నిటారు చూసుకున్నాకే బేస్ ప్లేటు కింద కుంచించుకుపోని గ్రౌటు (సందు నింపే సిమెంటు ముద్ద) నింపి, అది గట్టిపడేదాకా పైన రేకులు ఎక్కించకుండా ఆగండి.